క్రూయిజ్ విహారయాత్రల్లో యూరప్ ప్రయాణికులు, అమెరికా ప్రయాణికులు ఏమి ఆశిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

క్రూయిజ్ యాత్ర గురించి వినిపించే అసంతృప్తిలో చాలా భాగం ఓడ బాగోలేక పుట్టింది కాదు, ఒక దేశపు అలవాట్ల కోసం నడిపిన ఓడలో మరో దేశపు అలవాట్లతో ఎక్కడం వల్ల పుట్టింది. రాత్రి తొమ్మిదింటికి భోజనం పెడుతున్నారని ఒకరు బాధపడితే, సాయంత్రం ఆరు కాకుండానే భోజనానికి పిలుస్తున్నారని మరొకరు బాధపడతారు. ఈ తేడాల వెనుక సెలవుల చట్టాలు, ధరలు ప్రకటించే నిబంధనలు, ఇంటి నుంచి రేవుకు ఉన్న దూరం వంటి గట్టి కారణాలు ఉన్నాయి. టికెట్ కొనడానికి ముందే అవి తెలిసి ఉంటే డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది.

ప్రశ్న: ఇది యూరప్ ఓడ, ఇది అమెరికా ఓడ అని కంపెనీ పేరును బట్టి చెప్పలేమా?

చెప్పలేము. ఇటలీకి చెందిన కోస్టా, జర్మన్ల ఐడా, బ్రిటిష్ వారి పీ అండ్ ఓ, క్యూనార్డ్ సంస్థలన్నీ అమెరికాలోని ఫ్లోరిడా కేంద్రంగా పనిచేసే కార్నివాల్ కార్పొరేషన్ చేతిలోనే ఉన్నాయి. అమెరికన్ సంస్థగా అందరూ భావించే రాయల్ కరీబియన్‌ను 1968లో నెలకొల్పినవి మూడు నార్వే నౌకా సంస్థలు. జర్మన్లు ఎంతో ఇష్టపడే ‘మైన్ షిఫ్’ ఓడలను నడిపే టూయీ క్రూయిజెస్‌లో అదే రాయల్ కరీబియన్ భాగస్వామి. మయామీ నుంచి బయలుదేరే ప్రపంచ ప్రసిద్ధ నౌకలు చాలావరకు ఫిన్లాండ్‌లోని తుర్కులోనో, ఫ్రాన్స్‌లోని సాఁ నజేర్‌లోనో, ఇటలీలోని మోన్ఫాల్కోనేలోనో తయారైనవి. ఓడ మీద ఎగిరే జెండా బహామాస్‌దో, పనామాదో, మాల్టాదో కావచ్చు గనుక దాన్ని చూసి కూడా ఏమీ తేలదు.

తేల్చేది ఒక్కటే: ఆ ప్రయాణపు టికెట్లను ప్రధానంగా ఏ దేశ ప్రజలకు అమ్ముతున్నారు? ఓడలో ఖర్చులకు వాడే కరెన్సీ ఏది, ప్రకటనలు ఏ భాషల్లో చేస్తారు, ప్రయాణికులు ఒకే రేవులో ఎక్కుతారా లేక దారిపొడవునా ఎక్కుతారా అన్న మూడు విషయాలు కనుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే. ఇటలీలోని జెనోవా నుంచి బయలుదేరే ఎమ్మెస్సీ (MSC) క్రూయిజ్ సంస్థ ఓడ, మయామీ నుంచి బయలుదేరే ఎమ్మెస్సీ ఓడ ఒకే సంస్థవే అయినా, అనుభవంలో అవి రెండు వేరు వేరు యాత్రలు.

ప్రశ్న: ఓడ అదే ఉండి ప్రయాణికులు మారితే, లోపలి జీవితం నిజంగా అంతగా మారుతుందా?

మారుతుంది. దీనికి కోస్టా వెనీజియా కథ మంచి ఉదాహరణ. చైనా ప్రయాణికులను దృష్టిలో పెట్టుకుని కట్టిన ఈ ఓడ 2019లో సేవలోకి వచ్చింది. కరోనా తరువాత కొంతకాలం ఇస్తాంబుల్ నుంచి నడిచింది. 2023లో కార్నివాల్ వెనీజియాగా పేరు మార్చుకుని న్యూయార్క్ చేరింది. దాని సోదరి నౌక ఫిరెంజే కూడా 2024లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌కు తరలింది. వెనిస్ నగరాన్ని తలపించే లోపలి అలంకరణను అలాగే ఉంచారు గాని, ఆహారం, వినోదం, సేవల తీరు అమెరికా వారికి అలవాటైన పద్ధతిలోకి మారాయి. ‘ఇటాలియన్ శైలిలో సరదా’ అన్న అర్థం వచ్చే నినాదంతో కార్నివాల్ ఈ ఓడలను అమ్ముతోంది. ఇటలీ అక్కడ అలంకరణ, సరదా అసలు సరుకు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదని నా అభిప్రాయం. ఎవరి కోసం నడుపుతున్నారో వారి అలవాటును గౌరవించడం సేవారంగంలో మొదటి ధర్మం.

ప్రశ్న: అమెరికన్ల యాత్రలు అంత చిన్నవిగా ఎందుకు ఉంటాయి?

సెలవుల వల్ల. జీతంతో కూడిన వార్షిక సెలవు ఇంత ఇవ్వాలని నిర్దేశించే సమాఖ్య చట్టం అమెరికాలో లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఏడాదికి కనీసం 4 వారాల సెలవు చట్టబద్ధమైన హక్కు. ఫ్లోరిడా నుంచి 3, 4 రాత్రుల బహామాస్ ప్రయాణాలు అంతగా అమ్ముడుపోవడానికీ, సౌతాంప్టన్ నుంచి రెండు వారాల ప్రయాణాలు బ్రిటిష్ వారికి మామూలు విషయం కావడానికీ ఇదే మూలం.

ఈ తేడా ఓడలోని వేగాన్ని కూడా నిర్ణయిస్తుంది. ఉన్న నాలుగు రోజుల్లోనే అన్నీ జరిగిపోవాలనుకునే ప్రయాణికుడికి మొదటి మధ్యాహ్నం నుంచే డెక్ మీద సంగీతం, జారుడుబల్లలు, పోటీలు కావాలి. పద్నాలుగు రోజులు ఉన్న మనిషికి తొందర లేదు; పుస్తకం పట్టుకుని రోజంతా సముద్రం వైపు కుర్చీ వేసుకుని కూర్చోవడం అతని దృష్టిలో కాలయాపన కాదు, అదే సెలవు.

ప్రశ్న: మధ్యధరా సముద్రంలో ప్రతి రేవులోనూ కొత్త ప్రయాణికులు ఎక్కుతుంటారట, నిజమేనా?

కోస్టా, ఎమ్మెస్సీ ఓడల్లో చాలావరకు నిజమే. బార్సిలోనాలో స్పెయిన్ వారు, మార్సెయ్‌లో ఫ్రెంచివారు, జెనోవాలోనూ రోమ్ దగ్గరి చివితావెక్కియాలోనూ ఇటలీ వారు ఎక్కుతారు. ఏడు రాత్రులు తిరిగి ఎవరి రేవులో వారు దిగిపోతారు. విమానం ఖర్చు లేకుండా ఇంటి దగ్గరి రేవులోనే ఓడ ఎక్కడం వారికి పెద్ద సౌకర్యం. అందరూ ఒకే రోజు ఎక్కి ఒకే రోజు దిగే పద్ధతికి అలవాటు పడిన అమెరికన్‌కు మాత్రం ఇది చికాకు కలిగిస్తుంది. మీకు యాత్ర నాలుగో రోజు, పక్క క్యాబిన్ వారికి మొదటి రోజు. ప్రతిరోజూ లిఫ్టుల ముందు ఎవరో ఒకరి పెట్టెలు ఉంటాయి. వీడ్కోలు సాయంత్రం, ఆహ్వాన విందు అందరికీ ఒకేసారి రావు.

ఇలాంటి యాత్రల్లో భద్రతా శిక్షణ కూడా ప్రయాణికులు ఎక్కే రేవులన్నింటిలో జరగవలసిందే. 2012 జనవరి 13న జిల్యో ద్వీపం దగ్గర కోస్టా కాంకోర్డియా ప్రమాదంలో 32 మంది చనిపోయారు. అంతకుముందే ఆ సాయంత్రం ఎక్కిన వారికి అత్యవసర శిక్షణ ఇంకా జరగలేదు. అప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు ఇస్తే సరిపోయేది. 2015 నుంచి, ఓడ బయలుదేరే ముందు గాని బయలుదేరిన వెంటనే గాని శిక్షణ తప్పనిసరి అయింది. నాలుగోసారి ఆ శిక్షణ ప్రకటన వినిపించినప్పుడు విసుక్కోకండి.

అమెరికాలో ఈ పద్ధతి పెరగకపోవడానికి చట్టం ఒక కారణం. 1886 నాటి ప్రయాణికుల నౌకా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికాలోని ఒక రేవులో ఎక్కించుకున్న వారిని మరో అమెరికా రేవులో స్వేచ్ఛగా దింపడానికి వీల్లేదు; బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చినా మధ్యలో ఒక విదేశీ రేవు ఉండాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లివచ్చే ఓడ మధ్యలో కెనడాలోని విక్టోరియాలో, కొన్నిసార్లు రాత్రిపూట కొద్ది గంటలే అయినా, ఆగేది అందుకే.

ప్రశ్న: టిప్పుల విషయంలో ఇంత గొడవ ఎందుకు? ప్రకటించిన ధరకు మించి ఎంత ఖర్చవుతుంది?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, అపార్థాలు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

అమెరికా మార్కెట్ ఓడల్లో ఒక్కొక్కరికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు సేవా రుసుముగా మీ ఖాతాలో దానంతట అదే చేరుతుంది; బార్ బిల్లుల మీద మరో 18 నుంచి 20 శాతం పడుతుంది. నలుగురు ఉన్న కుటుంబం ఏడు రాత్రులు వెళితే రోజువారీ రుసుమే సుమారు 450 నుంచి 560 డాలర్లవుతుంది. అమెరికన్‌కు ఇందులో వింత లేదు. అతని దేశంలో టిప్పులు అందుకునే కార్మికుడికి సమాఖ్య చట్టం నిర్దేశించిన కనీస నగదు వేతనం గంటకు 2.13 డాలర్లే; మిగతాది వినియోగదారుడు నింపాలన్నది అక్కడి ఏర్పాటు. రెస్టారెంటులో అలా టిప్పు ఇవ్వడానికి అలవాటు పడిన మనిషి ఆ లెక్కనే ఓడలోకీ తెచ్చుకుంటాడు, పైగా బాగా చూసుకున్న క్యాబిన్ సహాయకుడికి చివరి రోజు కవరులో మరికొంత పెట్టి ఇస్తాడు.

జర్మన్‌కో, బ్రిటిష్ వారికో అదే రుసుము దాచిపెట్టిన ధరలా కనిపిస్తుంది. తప్పనిసరి ఖర్చులన్నీ కలిపిన మొత్తం ధరను ముందే చెప్పాలని యూరప్ ప్యాకేజీ యాత్రల చట్టం కోరుతుంది. ఓడలో గడిపే ప్రతి రాత్రికీ వసూలు చేసే సేవా రుసుమును ప్రకటనలోని మొత్తం ధరలో కలిపే చూపాలని 2015లో జర్మనీ సమాఖ్య న్యాయస్థానం తీర్పు చెప్పింది. పీ అండ్ ఓ సంస్థ 2019లో విడి టిప్పులను తీసేసి టికెట్ ధరలోనే కలిపింది. బ్రిటిష్ వారి మరెల్లా, జర్మన్ల మైన్ షిఫ్ ఓడల్లో టిప్పులతో పాటు పానీయాలు కూడా చాలావరకు ధరలోనే ఉంటాయి. ఐడా బఫే రెస్టారెంట్లలో భోజన వేళ బీరు, వైన్‌కు విడిగా డబ్బు కట్టనక్కరలేదు.

అమెరికాలోనూ మార్పు మొదలైంది. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి అమలైన చట్టం తరువాత పెద్ద క్రూయిజ్ సంస్థలు పన్నులు, రేవు రుసుములు కలిపిన ధరనే దేశమంతటా చూపిస్తున్నాయి. టిప్పు మాత్రం ఐచ్ఛికం అన్న పేరుతో ఇంకా బయటే ఉంది.

ఇక, ఆ రుసుమును తీసేయమని రిసెప్షన్‌లో అడగవచ్చా అని కొందరు అడుగుతారు. చాలా అమెరికన్ సంస్థలు తీసేస్తాయి. కానీ మీ గది సర్దేవారు, పళ్లేలు తీసేవారు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారత్ వంటి దేశాల నుంచి నెలల తరబడి ఇల్లు వదిలి వచ్చినవారు. ఆ రుసుము వారి ఆదాయంలో భాగం. సేవలో నిజమైన లోపం ఉంటే అప్పుడే ఫిర్యాదు చేయండి. డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రం దాన్ని తీయించకండి. ఈ విధానం మీకు నచ్చకపోతే, అన్నీ కలిపిన ధరకు అమ్మే ఓడను ఎంచుకోవడమే న్యాయమైన దారి.

ప్రశ్న: భోజనంలో ఎలాంటి తేడాలు ఉంటాయి?

అన్నింటికంటే ముందు వేళలు. అమెరికన్ ఓడల్లో తొలి పంక్తి సాయంత్రం ఐదున్నరకో ఆరింటికో మొదలవుతుంది. స్పెయిన్, ఇటలీ ప్రయాణికులు ఎక్కువగా ఉండే మధ్యధరా యాత్రలో రెండో పంక్తి రాత్రి తొమ్మిది ప్రాంతంలో కూర్చుంటుంది. చిన్నపిల్లలు కూడా మెలకువగా, హుషారుగా ఉంటారు. భోజనం ముగిసేసరికి పదిన్నర దాటుతుంది. మన ఇళ్లలో రాత్రి భోజన వేళకు ఇది మరీ దూరం కాదు గాని, ఓహాయో నుంచి వచ్చిన పెద్దవారికి ఆకలితో పడిగాపులు కాసినట్టే ఉంటుంది. ఈ పంక్తుల గొడవే లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు తినవచ్చన్న పద్ధతిని 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ‘ఫ్రీస్టైల్’ పేరుతో తెచ్చింది. ఇప్పుడు ఆ వెసులుబాటు చాలా సంస్థల్లో ఏదో ఒక రూపంలో ఉంది.

తరువాత నీళ్లు. అమెరికన్ కూర్చోగానే ఐసు వేసిన నీళ్ల గ్లాసు బల్ల మీద ఉండాలి, అది అడగవలసిన వస్తువే కాదు. యూరప్ రెస్టారెంటులో మాదిరిగానే మధ్యధరా యాత్రల్లోని భోజనశాలలో నీళ్లంటే సీసాలో వచ్చే మినరల్ వాటర్. దానికి బిల్లు వస్తుంది. కాఫీ విషయమూ అంతే: పెద్ద కప్పు ఫిల్టర్ కాఫీ ఎన్నిసార్లయినా నింపాలని ఒకరు, చిన్న కప్పు ఎస్ప్రెస్సో సరిగ్గా ఉండాలని మరొకరు కోరతారు. బ్రిటిష్ ప్రయాణికుడికి వీటన్నింటికంటే క్యాబిన్‌లో టీ కాచుకునే కెటిల్ ముఖ్యం. పీ అండ్ ఓ, మరెల్లా గదుల్లో అది సిద్ధంగా ఉంటుంది. అమెరికన్ ఓడల్లో సాధారణంగా ఉండదు.

శాకాహారుల గురించి కింద విడిగా చెప్పాను.

ప్రశ్న: సూటు, గౌను తప్పనిసరా?

బ్రిటిష్ సంప్రదాయ ఓడల్లో విందు దుస్తులకు ఇంకా విలువ ఉంది. సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్య నడిచే క్యూనార్డ్ వారి క్వీన్ మేరీ 2లో సాయంత్రం వేళ మంచి దుస్తులతో రావడం యాత్రలో ఆనందించే భాగమే. ఐడా 1996లో తన మొదటి ఓడ దించినప్పటి నుంచి ‘క్లబ్ షిప్’ అన్న భావనతో, లాంఛనాలు లేని సెలవును జర్మన్లకు అలవాటు చేసింది. అక్కడ టై కట్టుకుని వస్తే మీరే వేరుగా కనిపిస్తారు. అమెరికన్లు మధ్యలో ఉంటారు: ఒకటి రెండు ముస్తాబు సాయంత్రాలు ఫొటోల కోసం, మిగతా రోజులు షార్టులు, టీ షర్టులు.

ప్రశ్న: ఇంగ్లిష్ మాత్రమే వస్తే మధ్యధరా ఓడలో ఇబ్బంది పడతామా?

ఇబ్బంది పడరు, కానీ ఓపిక కావాలి. ఒక్క ప్రకటన ఇటాలియన్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, ఇంగ్లిష్‌లలో వరుసగా వస్తుంది. అందువల్ల వినోదం కూడా మాట తక్కువగా, కంటికి ఎక్కువగా ఉంటుంది: సర్కస్ విన్యాసాలు, నృత్యం, ఒపెరా పాటలు. అమెరికన్ ఓడల ప్రాణమైన హాస్య ప్రసంగాలు, క్విజ్‌లు ఐదు భాషల ప్రేక్షకుల ముందు నడవవు. వాటికి బదులు రాత్రి పదకొండు తరువాత డెక్ మీద కుటుంబాలన్నీ కలిసి చేసే నృత్యం, ఒకరి భాష మరొకరికి రాకపోయినా, ఎంతో ఆత్మీయంగా ఉంటుంది.

ప్రశ్న: పొగ తాగడం, మద్యం వయసు, సౌనా (చెమట పట్టించే వేడి గది) గురించి ముందే తెలుసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. రాయల్ కరీబియన్, కార్నివాల్ 2014లో బాల్కనీల మీద కూడా పొగను నిషేధించాయి. యూరప్ ఓడల్లో బయటి డెక్‌ల మీద పొగతాగేవారు అంతకంటే ఎక్కువగా కనిపిస్తారు. అమెరికా రేవుల నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ ఓడల్లో మద్యానికి కనీస వయసు 21. యూరప్ నుంచి వెళితే అదే సంస్థ ఓడల్లో 18. జర్మన్ ఓడల్లోని సౌనాల్లో స్త్రీపురుషులు కలిసే, ఒంటిమీద ఈతదుస్తులు కూడా లేకుండా కూర్చోవడం వారి దేశాచారం. అమెరికన్లకూ మనవారికీ కూడా ఇది ముందే తెలియకపోతే తలుపు తీయగానే కంగారు తప్పదు.

ప్రశ్న: రేవులు ముఖ్యమా, ఓడ ముఖ్యమా?

ఇది జాతి స్వభావం మీద ఆధారపడిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం ఇంటి నుంచి దూరం మీద ఆధారపడిన ప్రశ్న అంటాను. టెక్సస్ నుంచి సముద్రం దాటి విమానంలో వచ్చిన దంపతులకు రోమ్, ఫ్లారెన్స్, ఏథెన్స్ జీవితంలో ఒకసారి చూసే నగరాలు. చివితావెక్కియా నుంచి రోమ్‌కు గంటకు పైగా ప్రయాణం అయినా ఉదయం ఏడింటికే బస్సు దగ్గర నిలబడతారు, సాయంత్రానికి కాళ్లు వాచేలా తిరిగి వస్తారు. మిలానో నుంచి వచ్చిన ఇటాలియన్ కుటుంబం అదే రోజు ఓడలోనే ఉండిపోయి, ఖాళీ అయిన ఈతకొలనులో పిల్లలను ఆడిస్తుంది. రోమ్‌కు రైలు ఎప్పుడైనా ఉంది గదా.

కరీబియన్‌లో పాత్రలు తారుమారవుతాయి. గాల్వెస్టన్‌కో పోర్ట్ కెనావెరల్‌కో సొంత కారులో వచ్చిన అమెరికన్‌కు నాసావ్ ఇంతకుముందు చూసిన ఊరే. అతనికి ఓడే గమ్యం. అందుకే అక్కడి ఓడలు అంతకంతకూ పెద్దవయ్యాయి, సంస్థలు సొంత దీవులనే తయారు చేసుకున్నాయి. 1977 నుంచే నార్వీజియన్ సంస్థ బహామాస్‌లోని గ్రేట్ స్టిరప్ కేలో ప్రయాణికులను దింపుతోంది. రాయల్ కరీబియన్ 2019లో తన దీవి కోకోకేను జారుడుబల్లలతో నింపింది. అదే కరీబియన్‌కు చలికాలంలో హాంబర్గ్ నుంచి విమానంలో వచ్చిన జర్మన్లు మాత్రం ప్రతి ద్వీపంలోనూ దిగి, సైకిళ్లు అద్దెకు తీసుకుని తిరుగుతారు.

రేవు పట్టణాల వైపు నుంచి కూడా చూడాలి. 25,000 టన్నులు దాటిన ఓడలను వెనిస్‌లోని జుదెక్కా కాలువలోకి రానివ్వరాదని ఇటలీ 2021 ఆగస్టు నుంచి నిషేధించింది. శాంటొరిని, మికొనోస్ ద్వీపాల్లో దిగే క్రూయిజ్ ప్రయాణికుల నుంచి గ్రీస్ 2025 వేసవిలో 20 యూరోల రుసుము మొదలుపెట్టింది. ‘వెనిస్’ అని టికెట్ మీద ఉన్నా ఓడ ఆగేది రవెన్నాలోనో, త్రియెస్తేలోనో కావచ్చు. కొనేముందు రేవు పేరు చూసుకోండి.

ప్రశ్న: ఓడ ఒక రేవును వదిలేసి వెళ్లిపోతే డబ్బు తిరిగి వస్తుందా?

టికెట్ ఎక్కడ కొన్నారన్నది ఇక్కడ కీలకం. యూరప్‌లో క్రూయిజ్ అనేది చట్టం దృష్టిలో ప్యాకేజీ యాత్ర. ప్రధానమైన భాగం మారిపోతే ధర తగ్గింపు కోరే హక్కు ప్రయాణికుడికి ఉంటుంది. అమెరికాలో టికెట్ ఒప్పందమే ప్రధానం. దారి మార్చే అధికారం దాదాపు ప్రతి ఒప్పందంలోనూ సంస్థకే రాసి ఉంటుంది, చాలాసార్లు తిరిగి ఇచ్చేది రేవు రుసుము మాత్రమే. దావా వేయాలంటే ఒప్పందంలో రాసిన చోటే వేయాలన్న షరతును కార్నివాల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1991లో సమర్థించింది. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు ఫ్లోరిడాకు వెళ్లి పోరాడవలసి వచ్చే పరిస్థితి అది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా దగ్గరకు అమ్మానాన్నలు వస్తున్నారు. వారిని ఏ యాత్రకు తీసుకెళ్లడం మంచిది?

మొదట వీసా చూడండి. బహామాస్‌కో మెక్సికోకో వెళ్లిన ఓడ తిరిగి రావడం అంటే వారు అమెరికాలో మళ్లీ ప్రవేశించడమే. కాబట్టి వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లాలి, ఆగే ప్రతి దేశపు నిబంధననూ విడిగా చూసుకోవాలి. యూరప్ యాత్రలోనూ ఇదే జాగ్రత్త అవసరం: మధ్యలో ట్యునీషియాకో బ్రిటన్‌కో వెళ్లే ఓడ అయితే ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన షెంగెన్ వీసా సరిపోదు.

భోజనం విషయంలో, శాకాహారులైన పెద్దవారికి అమెరికా నుంచి బయలుదేరే పెద్ద ఓడలే తేలికని నా సలహా. భారతీయ ప్రయాణికులు అక్కడ ఎక్కువ కావడంతో పప్పు, కూర, అన్నం అడిగితే వండిపెట్టే అలవాటు వంటశాలలకు వచ్చింది. మొదటి రాత్రే భోజనశాల పర్యవేక్షకుడిని కలిసి మర్నాటి భోజనం చెప్పుకుంటే చాలు, చాలాసార్లు వంటింట్లో భారతీయుడే పలకరిస్తాడు. మధ్యధరా ఓడల్లో శాకాహారం అంటే పాస్తా, పిజ్జా, కాల్చిన కూరగాయలు. రుచికి లోటు లేదు గాని వారం రోజులు వరుసగా కారం లేకుండా తినడం పెద్దవారికి కష్టం. గుడ్డు, చేప శాకాహారం కాదన్న సంగతి బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా చెప్పండి. ఊరగాయ సీసా మూత తీయనిదైతే సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంట్లో వండిన పదార్థాలను మాత్రం ఓడలోకి తీసుకురానివ్వరు.

నడక తక్కువగా ఉండాలంటే కరీబియన్, చూడవలసినవి ఎక్కువగా ఉండాలంటే మధ్యధరా. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను పాంపేయి రాళ్ల వీధుల్లో ఎండలో నడిపించేకంటే, వారం రోజులు మనవళ్లతో డెక్ మీద కూర్చోబెట్టే యాత్రను ఎంచుకోమనే చెబుతాను.